ఇంట్లో ఎన్ని కిటికీలు? కొట్టంలో ఎన్ని గుర్రాలు?

1784 నవంబర్ 27న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్ సంతకు వచ్చిన జనం పనులు మానుకుని నోళ్లు తెరిచి నిలబడిపోయారు. జోనథన్ థాచర్ అనే రైతు ఆవెక్కి సంతకు వచ్చాడు. పని చూసుకుని మళ్లీ ఆవు మీదే ఇంటికి వెళ్లాడు. ఆ ముచ్చట బొమ్మగా అచ్చయి ఊరూరా అమ్ముడుపోయింది. థాచర్‌కు మతేమీ చలించలేదు. ఆ ఏడాదే ప్రధాని విలియం పిట్ సవారీ గుర్రాల మీద పన్ను వేశాడు. గుర్రానికి ఏటా 10 షిల్లింగులు. చట్టంలో గుర్రం ఉందే తప్ప ఆవు లేదు. థాచర్ ఆ సందు కనిపెట్టాడు.

పొలంలో పనిచేసే కూలీకి అప్పట్లో వారానికి 8, 9 షిల్లింగులు దొరికితే గొప్ప. అంటే గుర్రమెక్కే సరదాకు ఒక కూలీ వారం కష్టానికి మించిన సొమ్ము సర్కారుకు కట్టాలి. పిట్‌కు మాత్రం వేరే దారి లేదు. ప్రధాని పదవిలో కూర్చునేనాటికి అతనికి 24 ఏళ్లు. ముందువాళ్లు అమెరికాతో యుద్ధం చేసి, ఓడి, సుమారు 24 కోట్ల పౌండ్ల అప్పు అతని నెత్తిన పెట్టి పోయారు. వడ్డీ కట్టాలి. భూమి మీద పన్ను పెంచితే పార్లమెంటులో ఉన్న భూస్వాములే గోల పెడతారు. టీ మీద సుంకం 119 శాతం ఉండటంతో జనం దొంగ సరుకే తాగుతున్నారు. పిట్ ఆ సుంకాన్ని పన్నెండున్నర శాతానికి కోసేసి, పోయిన రాబడిని కిటికీల పన్ను మీదికి మళ్లించాడు. ఆ తర్వాత ఇళ్లలోకి తొంగి చూడటం మొదలుపెట్టాడు. గుర్రాలు, బండ్లు, టోపీలు, ఇటుకలు, కొవ్వొత్తులు, చేతి తొడుగులు, పనిమనుషులు. కళ్లకు కనిపించింది కనిపించినట్టు పద్దులోకి ఎక్కింది.

ఇది పిచ్చితనంలా కనిపిస్తుంది గానీ దీని వెనక ఒక లెక్క ఉంది. ఆ కాలంలో ఒక మనిషికి ఏడాదికి ఎంత రాబడి వస్తుందో తెలుసుకునే దారి సర్కారుకు లేదు. జీతం చీటీలు లేవు, బ్యాంకు లెక్కలు కొద్దిమందికే. అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పమని నిలదీయడం ఇంగ్లీషువాడి స్వేచ్ఛకు భంగమని పార్లమెంటులోనే అరుస్తారు. కాబట్టి దాచలేనివాటిని లెక్కపెట్టాలి. కోచ్ బండి, దాన్ని లాగే గుర్రాలు, వెనక నిలబడే నౌకరు గుమ్మం ముందే కనిపిస్తారు. అవి ఉన్నవాడు ఉన్నవాడే.

పొయ్యిల నుంచి కిటికీలకు

ఈ ఆలోచన పిట్ బుర్రలో పుట్టింది కాదు. అతనికి వందేళ్లు ముందే, 1662లో, రెండో చార్లెస్ రాజు కాలంలో పొయ్యి పన్ను వచ్చింది. ఇంట్లో ఎన్ని నిప్పుగూళ్లుంటే అన్నింటికీ ఏటా రెండు షిల్లింగులు, రెండు వాయిదాల్లో. నిరుపేదలకు మినహాయింపు. కట్టేవాళ్ల పేర్లూ, పొయ్యిల సంఖ్యా వీధివారీగా రాసుకున్నారు. ఆ చిట్టాల్లో 1666 నాటి లండన్ లెక్క ఒకటి ఉంది. పుడ్డింగ్ లేన్ అనే సందులో థామస్ ఫారినర్ అనే రొట్టెలు కాల్చేవాడి పేరు పక్కన ఐదు నిప్పుగూళ్లు, ఒక బట్టీ అని రాసి ఉంటుంది. ఆ సెప్టెంబర్ 2న లండన్ నగరాన్ని బూడిద చేసిన అగ్నిప్రమాదం మొదలైంది అతని కొట్టులోనే. ఆ సందు నామరూపాల్లేకుండా కాలిపోయింది. ఎవరింట్లో ఎన్ని పొయ్యిలున్నాయో చెప్పే కాగితం మాత్రం మిగిలింది.

పొయ్యి పన్ను ప్రాణాలూ తీసింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చర్చిల్ అనే పల్లె ఉంది. 1684లో అక్కడి రొట్టెలవాళ్లు తమ పొగగొట్టానికి పన్ను తప్పించుకుందామని గోడకు కన్నం పెట్టి పక్కింటి గొట్టంలోకి పొగ మళ్లించారు. నిప్పంటుకుంది. 20 ఇళ్లు కాలిపోయాయి, నలుగురు చనిపోయారు.

జనానికి ఇంతకన్నా కోపం తెప్పించింది పన్ను మనుషులు గది గదికీ దూరి చూడటం. పడకగదిలో నిప్పుగూడు ఉందో లేదో తెలియాలంటే పడకగదిలోకి వెళ్లాల్సిందే కదా. 1689లో విలియం, మేరీ గద్దెనెక్కగానే ప్రజల మెప్పు కోసం ముందు దీన్ని ఎత్తేశారు. ఏడేళ్లు తిరిగేసరికి, 1696లో, అదే విలియం కిటికీ పన్ను తెచ్చాడు. కిటికీలు లెక్కపెట్టడానికి గడప దాటి లోపలికి పోనక్కర్లేదు, వీధిలో నిలబడి వేలు చూపిస్తూ లెక్కించవచ్చు. ఈ సౌకర్యం సంగతి తర్వాతి శతాబ్దంలో ఆడమ్ స్మిత్ కూడా తన పుస్తకంలో ప్రస్తావించాడు. అయితే పల్లెలో పేదవాడి ఇంటికి ఎక్కువ కిటికీలుండి, లండన్‌లో ధనికుడి ఇంటికి అంతకన్నా తక్కువ ఉంటే భారం ఎవరి మీద పడుతుందని కూడా ఆయన అడిగాడు.

1747లో రేట్లు మార్చారు. తొమ్మిది కిటికీల వరకూ కిటికీల లెక్కన ఏమీ లేదు. పది నుంచి పద్నాలుగు ఉంటే ప్రతి కిటికీకీ ఆరు పెన్నీలు. పదిహేను నుంచి పంతొమ్మిది అయితే తొమ్మిది పెన్నీలు. ఇరవై, ఆపైన ఉంటే షిల్లింగు. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి లెక్క చూడండి. తొమ్మిది కిటికీలున్న ఇంటాయన పదోది పెట్టుకుంటే ఆ ఒక్క కిటికీ ఖరీదు ఐదు షిల్లింగులు. పాత తొమ్మిదింటికి కూడా కలిపి వడ్డిస్తారు మరి. అమెరికా ఆర్థికవేత్తలు వాలెస్ ఓట్స్, రాబర్ట్ ష్వాబ్ ఆ కాలపు ఇళ్ల లెక్కలు తీసి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. సరిగ్గా తొమ్మిది, పద్నాలుగు, పంతొమ్మిది కిటికీలున్న ఇళ్లు గుట్టలుగా తేలాయి. పది, పదిహేను, ఇరవై ఉన్నవి అరుదు. మేస్త్రీలూ, ఇంటి యజమానులూ పన్ను పట్టిక ముందు పెట్టుకుని గోడలు కట్టినట్టే.

ఉన్న కిటికీలను ఇటుకలతో పూడ్చేసినవాళ్లకూ కొదవలేదు. పాల గదికీ, జున్ను గదికీ మినహాయింపు ఉండేది, తలుపు మీద ఆ మాట రాసి ఉండాలన్నది షరతు. కొన్ని పాత ఇళ్ల గుమ్మాల మీద ఆ అక్షరాలు ఇప్పటికీ చెరగలేదు. అసలు నరకం అద్దె వాటాల్లో ఉండేవాళ్లది. పదుల కుటుంబాలున్న మేడనంతా పన్నుకు ఒకే ఇల్లుగా లెక్కపెట్టేవారు. పన్ను కట్టాల్సింది యజమాని, చీకట్లో ఉండాల్సింది అద్దెకున్నవాడు. యజమాని మెట్ల దగ్గర కిటికీలూ, నడవాల కిటికీలూ మూసేసేవాడు. 19వ శతాబ్దం మధ్యలో వైద్యులు గొంతెత్తారు, చార్లెస్ డికెన్స్ తన పత్రికలో దుయ్యబట్టాడు. 1851లో గానీ ఆ పన్ను పోలేదు. అంటే 155 ఏళ్లు బతికింది.

జుట్టుకూ, గడియారానికీ, ఇస్పేటు ఆసుకూ

పిట్ కాలానికి తిరిగి వద్దాం. 1790లలో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది. అప్పు మీద అప్పు. పన్ను వేయని వస్తువు కోసం ఖజానా వెతుకులాట నవ్వు పుట్టించే దాకా పోయింది.

1795లో తలపొడి మీద పన్ను పడింది. దొరలూ, వాళ్ల నౌకర్లూ విగ్గులకూ జుట్టుకూ తెల్లటి పిండి పూసుకునే కాలమది. ఏటా ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కట్టి ధ్రువపత్రం తీసుకుంటేనే ఆ పిండి పూసుకోవాలి. మినహాయింపుల పట్టిక చదివితే చట్టం రాసినవాళ్ల ఇళ్లు కళ్లముందు కనిపిస్తాయి. రాజకుటుంబానికి లేదు, ఏడాదికి 100 పౌండ్ల లోపు రాబడి ఉన్న పాదరీలకు లేదు. పెళ్లికాని కూతుళ్లు ఇద్దరికి మించి ఉన్న తండ్రి రెండు పత్రాలు కొంటే అందరికీ సరిపోతుంది. మొదటి ఏడాది సుమారు రెండు లక్షల పౌండ్లు వచ్చాయి. కట్టినవాళ్లను గినీ పిగ్స్ అని ఎగతాళి చేశారు. పిట్ అంటే పడని బెడ్‌ఫర్డ్ ప్రభువు, ఆయన మిత్రులు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని పొడి మానేశారు. దేశంలో తిండిగింజల కరువున్న ఏడాదే గోధుమపిండి తలకు పూసుకోవడమేంటన్న సిగ్గు కూడా తోడైంది. ఫ్యాషన్ మారిపోయింది. 1855లో ఆ పత్రం తీసుకున్నవాళ్లు 997 మంది, దాదాపు అందరూ పెద్దింటి నౌకర్లే.

గడియారాల పన్ను కథ ఇంకా పొట్టిది. 1797 వేసవిలో వచ్చింది. బంగారు జేబు గడియారానికి 10 షిల్లింగులు, వెండిదానికి రెండున్నర, గోడ గడియారానికి ఐదు. జనం గడియారాలు కొనడం మానేశారు, ఉన్నవి దాచేశారు. జేబు గడియారాన్ని కోటు లోపలికి తోసేస్తే ఏ అధికారి చూడొచ్చాడు? లండన్‌లో క్లార్కెన్‌వెల్ పేటలో వేల మంది పనివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. బ్రిస్టల్, కవెంట్రీ, లివర్‌పూల్, ఎడిన్‌బరో నుంచి గడియారాల తయారీదారుల అర్జీలు పార్లమెంటును ముంచెత్తాయి. తొమ్మిది నెలలకే పన్ను ఎత్తేశారు. ఈ పన్ను దెబ్బకు జనం టైము చూసుకునేందుకు సత్రాల్లో పెద్ద పెద్ద గోడ గడియారాలు వెలిశాయని ఒక కథ ప్రచారంలో ఉంది. వాటికి పార్లమెంటు చట్టం గడియారాలనే పేరు కూడా పడింది. కథ బాగుంది గానీ నిజం కాదు. ఆ రకం గడియారాలు అంతకు దశాబ్దాల ముందు నుంచే సత్రాల్లో వేలాడుతున్నాయి.

కుక్కల పన్ను 1796లో వచ్చింది. దానికోసం పట్టుబట్టిన జాన్ డెంట్ అనే సభ్యుడికి డాగ్ డెంట్ అన్న పేరు జీవితాంతం అంటుకుంది. పేకాట కూడా తప్పించుకోలేదు. పేక కట్టలో ఇస్పేటు ఆసును సర్కారే అచ్చువేసి, సుంకం కట్టిన తయారీదారుకే ఇచ్చేది. దొంగ ఆసు అచ్చువేస్తే ఉరి. 1805లో రిచర్డ్ హార్డింగ్ అనేవాణ్ని నిజంగానే ఉరితీశారు, ఇస్పేటు ఆసు కోసం.

పనిమనుషుల మీద పన్ను 1777లో అప్పటి ప్రధాని లార్డ్ నార్త్ మొదలుపెట్టాడు. మగ నౌకరుకు ఏటా ఒక గినీ. వంటవాడు, బండి తోలేవాడు, గుర్రాలు చూసేవాడు, తోటమాలి ఇందులోకి వస్తారు. పొలం పనివాళ్లు రారు. పిట్ 1785లో ఆడ పనిమనుషుల్నీ చేర్చాడు. బ్రహ్మచారి ఇంట్లో పనిచేస్తుంటే రెట్టింపు. ఈ పన్ను పెద్దల జేబుకు కాకుండా పేదపిల్లల బతుకుకు తగిలింది. పన్ను కట్టలేని మధ్యతరగతి ఇల్లాలు చేసే మొదటి పని పిల్లను పంపించేయడమే. 1792లో ఆడవాళ్ల పన్ను రద్దయింది.

కవిగారి జవాబు

ఈ పన్నులకు సంబంధించి అందరికన్నా రంజుగా లెక్క చెప్పినవాడు స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్. ఆయన అప్పటికి మాస్‌గీల్‌లో కౌలు రైతు. గుర్రాలు, నౌకర్లు, బండ్ల వివరాలు రాసివ్వమని పన్నుల సర్వేయరు నుంచి తాఖీదు వచ్చింది. 1786 ఫిబ్రవరి 22 తేదీతో ఆయన ఆ వివరాలన్నీ పద్యంలో రాసి, ఎయిర్ పట్టణంలోని రాబర్ట్ ఐకెన్‌కు పంపించాడు. దాని పేరు ది ఇన్వెంటరీ. నవ్వులాటగా సాగినా అది నిఖార్సయిన ఆస్తుల జాబితా. నాగలికి కట్టే నాలుగు గుర్రాలు, అందులో ఒకటి చిరచిరలాడే హైలాండ్ పొట్టి గుర్రం. పనికి అల్లరి కుర్రాళ్లు ముగ్గురు. మూడు బండ్లు. విరిగిపోయిన తోపుడు బండి ఒకటి. భార్య లేదు. పెళ్లి కాకుండానే పుట్టిన బెస్ అనే కూతురు మాత్రం ఉంది. ఆ పిల్లకు పన్ను అడగొద్దని కూడా ఆయన చెప్పుకున్నాడు.

చరిత్రకారుడు చదివితే ఈ చిలిపి పద్యంలో ఇంకో సంగతి కనిపిస్తుంది. నాలుగు గుర్రాల్లో ఏది ఎడమ ముందు, ఏది ఎడమ వెనక, ఏది చాలు వైపు అని బర్న్స్ వాటిని కట్టే చోటును బట్టి చెప్పాడు. అంటే ఆయన దున్నుతున్నది నాలుగు గుర్రాలు లాగే పాతకాలపు బరువు నాగలితో. బెర్విక్‌షైర్‌లో జేమ్స్ స్మాల్ అనే పనివాడు రెండు గుర్రాలతో సాగే తేలిక నాగలిని అప్పటికి ఇరవై ఏళ్ల ముందే తయారుచేశాడు. ఎవరి కొట్టంలోనైనా నాలుగు గుర్రాలు ఉన్నాయంటే కలిగినవాడనుకోవచ్చు, కొత్త నాగలి కొనలేనివాడూ అనుకోవచ్చు. అంకె ఒక్కటే చూస్తే బోల్తా పడతాం.

ఇంకో తమాషా. ఆ ఏడు నాగలి గుర్రాలకు పన్నే లేదు, సవారీ గుర్రాలకూ బండి గుర్రాలకూ మాత్రమే. ఆ సంగతి తెలిసే బర్న్స్ వాటి గురించి అంత విస్తారంగా రాసి, సవారీ జీను మాత్రం కొననని, కాళ్లీడ్చుకుంటూ నడుస్తానని తేల్చేశాడు. నాలుగేళ్లు తిరగకుండా కవిగారి ఇల్లు గడవక 1789లో ఆయనే ఎక్సైజ్ శాఖలో చేరి గుర్రమెక్కి వారానికి 200 మైళ్లు తిరగాల్సి వచ్చింది, ఊళ్లలో సుంకం వసూలు చేస్తూ.

నాగలి గుర్రాల వంతు 1796లో వచ్చింది. 1797–98లో స్కాట్లాండ్ అంతటా సేద్యపు గుర్రాల చిట్టా తయారైంది. జిల్లావారీగా, పారిష్ అనే చర్చి పరిధివారీగా రైతు పేరు, అతనికున్న గుర్రాలూ కంచరగాడిదలూ ఎన్ని, కట్టాల్సింది ఎంత అని వరసలు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ జాతీయ దస్తావేజుల కార్యాలయంలో ఉన్నాయి. వాటి పక్కనే 1748 నుంచి కిటికీల లెక్కలు, 1777 నుంచి మగ నౌకర్ల లెక్కలు, 1785–92 ఆడ పనిమనుషుల లెక్కలు, బండ్లు, కుక్కలు, దుకాణాలు, ఆ తొమ్మిది నెలల గడియారాల లెక్కలు కూడా. ఇంగ్లండ్‌లో ఇవే పన్నులు వసూలైనా కాగితాలు చాలావరకు పోయాయి, అక్కడక్కడా జిల్లా కచేరీల్లో ముక్కలు మిగిలాయి. స్కాట్లాండ్‌లో లెక్కలన్నీ ఎడిన్‌బరో ఖజానాకు చేరేవి కాబట్టి దక్కాయి. ఇటీవలి సంవత్సరాల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు ఆ గొలుసుకట్టు రాతను విడదీసి ఎత్తిరాశారు. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

వీటికి ఇంత గిరాకీ ఎందుకంటే, బ్రిటన్‌లో తొలి జనగణన 1801లో జరిగింది గానీ అది తలలు లెక్కపెట్టడంతో సరిపెట్టింది. ఇంటింటి పేర్లూ క్రమంగా రాసుకున్న జనగణన 1841ది. అంతకు ముందు చర్చి పుస్తకాల్లో బాప్తిస్మం, పెళ్లి కనిపిస్తాయి. ఆ మనిషి ఎలా బతికాడో కనిపించదు. గుర్రాల చిట్టా ఆ వెలితిని కొంత పూరిస్తుంది. ఫలానా పారిష్‌లో, ఫలానా పొలం మీద, రెండు గుర్రాలతో సాగు చేశాడని తెలుస్తుంది. స్కాట్లాండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో ఇది మరీ విలువైనది. ఈ చిట్టాలు రాసిన కొద్ది ఏళ్లకే అక్కడి భూస్వాములు గొర్రెల పెంపకం కోసం రైతులను వేల సంఖ్యలో ఖాళీ చేయించారు. ఎందరో ఓడలెక్కి కెనడా వెళ్లిపోయారు. వాళ్ల మునిమనవళ్లు ఇప్పుడు తాతముత్తాతల పేర్ల కోసం గుర్రాల లెక్కలు తిరగేస్తున్నారు.

కానీ ఈ పుస్తకాలను నమ్మేటప్పుడు ఒక కన్ను తెరిచే ఉంచాలి. పన్ను చిట్టా అంటే సర్కారుకు దొరికినవాటి లెక్క. ఉన్నవాటి లెక్క వేరు. పారిష్‌లో మూడే జేబు గడియారాలున్నాయని రాసి ఉంటే, మూడే కనిపించాయని అర్థం. గుర్రం లేనివాడికి ఆ పుస్తకంలో వరసే లేదు. హైలాండ్స్‌లో గుర్రాన్ని పోషించలేని బీదరైతు కాలితో తొక్కి పెళ్లగించే కొయ్య నాగలితో రాళ్లనేల దున్నుకునేవాడు. అతను ఎంత చెమటోడ్చినా గుర్రాల చిట్టాకు అతను లేనట్టే. నౌకర్ల లెక్కల్లో మాత్రం చిత్రం తిరగబడుతుంది. అక్కడ దొర పేరుతో పాటు నౌకరు పేరూ, అతను చేసే పనీ రాయాలి. ఏ పుస్తకంలోనూ చోటు దొరకని వంటవాళ్లూ గుర్రాల కాపరులూ దాసీలూ దొర గారి ఆస్తి జాబితాలో వరసగా నిలబడి ఉంటారు.

చివరికి జేబులోకే

వస్తువులు లెక్కపెట్టే ఈ పద్ధతికి పిట్టే సమాధి కట్టాడు. 1798లో అప్పటికే కడుతున్న పన్నులను మూడింతలూ, స్తోమతను బట్టి ఇంకా ఎక్కువా చేశాడు. 45 లక్షల పౌండ్లు వస్తాయనుకుంటే 20 లక్షలు వచ్చాయి. జనం బండ్లు అమ్మేశారు, నౌకర్లను తీసేశారు, లెక్కలు తగ్గించి రాసిచ్చారు. ఇక లాభం లేదని 1799లో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 60 పౌండ్లు దాటితే మొదలు, 200 దాటితే పదో వంతు. వందేళ్లుగా అడగడానికి జంకిన ప్రశ్నను యుద్ధం అడిగించింది. 1816లో, నెపోలియన్ ఓడిన మరుసటి ఏడు, పార్లమెంటు ఆ పన్ను రద్దుచేసి, పెద్దమనుషుల రాబడి ఎవరికీ తెలియకూడదని దస్తావేజులన్నీ నాశనం చేయమని కూడా ఆదేశించింది. అయితే నకళ్లు అప్పటికే కింగ్స్ రిమెంబ్రెన్సర్ అనే మరో కార్యాలయానికి చేరిపోయాయి. అక్కడివాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్లు ఏమీ చింపలేదు.

మన వైపు సంగతి చూస్తే పిట్ పద్ధతి తలకిందులైంది. లండన్‌లో పన్ను మొదట సవారీ గుర్రాన్ని పట్టుకుని, నాగలి గుర్రాన్ని వదిలిపెట్టింది. అదే కాలంలో, ఆ తర్వాతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ వసూలు చేసిన మొతర్ఫా నేరుగా పనిముట్టు మీద పడింది. పాత నవాబుల కాలం నుంచి వచ్చిన ఈ పన్నులో మగ్గం పన్ను, ఇంటి పన్ను, అంగడి పన్ను, వర్తకుల మీద వీసబడి వంటివెన్నో ఉండేవి. ఉత్తర సర్కారుల్లోనూ, దత్త మండలాల్లోనూ సాలెవాడు బట్ట అమ్ముడైనా కాకున్నా మగ్గానికి కట్టాలి. మాంచెస్టర్ బట్ట వచ్చి మగ్గాలు ఆగిపోతున్న రోజుల్లో కూడా. తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి నాయకత్వంలోని మద్రాస్ నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు తయారుచేసిన అర్జీలో మొతర్ఫాను గట్టిగా ఎండగట్టింది. సాలెలు, వడ్రంగులు, లోహపు పనివాళ్లు, రోడ్డు పక్కన చిల్లర సరుకు అమ్ముకునేవాళ్లు, అందరి నుంచీ ఎలా పిండుతున్నారో అందులో ఉంది. సంపన్నుడి సరదా మీద పన్ను అనే వాదన ఒకటుంటే దానితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కూలివాడి పనిముట్టు మీద పన్నుకు ఏ వాదనా నిలబడదు.

మొతర్ఫా 1860ల మొదట్లో పోయింది. ఆ మార్పు వెనకాల ఉన్నది మళ్లీ ఒక స్కాట్లాండ్ మనిషే. జేమ్స్ విల్సన్ హావిక్ పట్టణంలో పుట్టాడు, కుర్రతనంలో టోపీల పని నేర్చుకుని, టోపీల వ్యాపారం చేశాడు, తర్వాత ది ఎకనామిస్ట్ పత్రిక పెట్టాడు. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన భారత ఖజానాను నింపడానికి కలకత్తాకు పంపిస్తే, 1860 ఫిబ్రవరి 18న దేశంలో తొలి బడ్జెట్, దాంతోపాటు ఆదాయపు పన్ను ప్రకటించాడు. ఏటా 200 రూపాయల పైన రెండు శాతం, 500 పైన నాలుగు. మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెలియన్ దీన్ని బాహాటంగా వ్యతిరేకించి, తన అభ్యంతరాన్ని పత్రికలకెక్కించి, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. విల్సన్ కూడా ఎక్కువ రోజులు బతకలేదు. ఆ ఆగస్టులోనే రక్త విరేచనాలతో కలకత్తాలో చనిపోయాడు. పశువుల తలలు లెక్కపెట్టి వసూలు చేయడం మాత్రం ఆగలేదు. అడవిలో మేపినందుకు కట్టాల్సిన పుల్లరి మీద పల్నాటి రైతులు తిరగబడితే, 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

బ్రిటన్‌లో పిట్ కాలపు వస్తువుల పన్నులు ఒక్కొక్కటిగా రాలిపోవడానికి ఒక శతాబ్దం చాలలేదు. తలపొడి పన్ను 1869లో, గుర్రాలది 1874లో పోయాయి. మగ నౌకరును పెట్టుకోవడానికి లైసెన్సు 1937 దాకా తీసుకోవాల్సిందే. పేక కట్ట మీద సుంకం 1960లో ఎత్తేశారు. కుక్కల పన్ను 1867లో లైసెన్సుగా మారి, ఏడున్నర షిల్లింగుల దగ్గర ఆగిపోయి, కొత్త నాణేలు వచ్చాక 37 పెన్నీలై, సగం మంది కట్టడం మానేశాక 1987లో రద్దయింది. ఉత్తర ఐర్లండ్ మాత్రం రద్దు చేయలేదు. అక్కడ కుక్కను పెంచాలంటే ఇప్పటికీ డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి.